రెండు పరాయి చీజ్‌లు, తాత జమ్ముబుట్ట

ఏప్రిల్‌లో ఆంటోన్ తాత పోయిన దగ్గర్నుంచి ఫెలీచా నానమ్మ కూర్చుని భోంచేసింది లేదు. పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలోంచే రెండు చెంచాలు తినేసి, గిన్నె కడిగేసేది.

"ఒక్కదాని కోసం బల్ల సర్దాలా?" అనేది.

నేనున్నానుగా అనాలని మనవరాలు వన్నీనకు నోటిదాకా వచ్చేది. పదిహేనేళ్ళొచ్చినా ఆ పిల్ల మాట పెదవి దాటదు.

ఆగస్టులో నానమ్మ పుట్టినరోజు. ఆ కొండ ఊళ్ళో అది నడి ఎండాకాలం; గొర్రెలు పాలివ్వవు, బ్రోచ్చు అనే మెత్తటి చీజ్ దొరకదు. అయినా తాత ఈ ఒక్కరోజు కోసమే నాలుగు మేకల్ని ఆగస్టు దాకా పితికేవాడు. పాలు విరిచాక మిగిలిన తేటలో కాసిని పాలు పోసి కాచి, తేలిన బ్రోచ్చును జమ్ముబుట్టలోకి తీసేవాడు. దాంతో నానమ్మ ఫియాదోనె అనే చీజ్ కేకు కాల్చేది. ఇప్పుడు తాతా లేడు, మేకల్నీ అమ్మేశారు.

ఎలాగైనా ఆ రోజు నానమ్మను బల్ల దగ్గర కూర్చోబెట్టాలని వన్నీన పట్టుబట్టింది.

మొదట కొట్లో ఆవుపాల రికోటా చీజ్ తెచ్చి గుడ్లు, చక్కెర, నిమ్మతొక్కు కలిపి కాల్చింది. కోస్తే నీళ్ళు కారాయి.

"దీన్ని తినాలా, గ్లాసులో పోసుకు తాగాలా?" అంది నానమ్మ, నిలబడే.

మర్నాడు పక్కింటి పెత్రు మామ ఇచ్చిన పచ్చి మేక చీజ్‌తో చేసింది. నానమ్మ ఒక ముక్క కొరికి ముఖం ముడుచుకుంది. "పెత్రు మేకలు కూడా పెత్రు లాంటివేనే, అన్నీ పుల్లవిరుపులే."

పుట్టినరోజు పొద్దున వన్నీన ఆ రెండు చీజ్‌లూ సగం సగం కలిపింది. రికోటా నీరు పోవాలి కదా అని తాత జమ్ముబుట్ట దించి, అందులో నింపి, పెరట్లో అంజూర కొమ్మకు వేలాడదీసింది.

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" కిటికీలోంచి నానమ్మ కేక. "అంజూరకా? ఆకు తెగి పాలు కారితే చీజ్ చేదెక్కిపోదూ? ఎండకు పైపైన ఎండుతుంది, లోపల తడి తడిగానే ఉంటుంది. మీ తాత చూస్తే ఆ బుట్ట నీ నెత్తిన బోర్లించేవాడు!"

ఏప్రిల్ తర్వాత నానమ్మ తాత మాట ఎత్తడం అదే మొదలు.

నానమ్మ చకచకా వచ్చి బుట్ట దించుకుని నేలమాళిగలోకి పోయింది. వెనకే వన్నీన. చల్లటి రాతి అరుగు మీద బుట్ట పెట్టి, మధ్యమధ్య అరచేత్తో దాని పక్కల మీద మెల్లగా తట్టింది నానమ్మ.

"నొక్కకూడదే, తట్టాలి. పసిపిల్లను నిద్రపుచ్చినట్టు. ఆయన అలాగే చేసేవాడు."

సాయంత్రం ఫియాదోనె పొంగింది, పైన గోధుమరంగు మచ్చలు తేలాయి. వన్నీన బల్ల మీద గుడ్డ పరిచింది. రెండు పళ్ళేలు పెట్టింది. కుర్చీ ఒకటి వెనక్కి లాగి దాని వీపు పట్టుకుని నిలబడింది.

నానమ్మ కుర్చీ వైపు చూసింది. పిల్ల చేతులు చూసింది. వచ్చి కూర్చుంది.

ఒక ముక్క మెల్లగా నమిలి తింది.

"ఇది ఆయన బ్రోచ్చు కాదు," అంది.

"కాదు నానమ్మా."

"వచ్చే ఏడు నిమ్మతొక్కు ఇంకాస్త వెయ్యి." పళ్ళెం ముందుకు జరిపింది. "ఆ మాడిన అంచు నాకు పెట్టు. నువ్వూ కూర్చోవే, ఎంతసేపు అలా నిలబడతావ్?"