ఆపకుండా తిప్పారు నన్ను

నేను ఒక ఫ్యానుని. ఇంటి కప్పుకు వేలాడుతూ నిద్రపోయేవాళ్లకు జోకొట్టే రకం కాదు. కారు ముందు భాగంలో, రేడియేటరు వెనక ఇరుకులో బిగించే రకం. ఇంజను వేడెక్కితే తిరగాలి, చల్లబడితే ఆగాలి. నా జన్మకున్న ధర్మం అంతే. ఆ కాస్త ధర్మం కూడా మనుషులు నన్ను సరిగ్గా చేసుకోనివ్వలేదు. అందుకే ముందుగా చెబుతున్నాను, నేను కోపంగానే మాట్లాడతాను. వినలేనివాళ్లు బానెట్ మూసేసి వెళ్లిపోవచ్చు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. నల్ల ప్లాస్టిక్ రెక్కలు, మధ్యలో గుప్పెడంత మోటారు. ఫ్యాక్టరీలో ఒకసారి తిప్పి చూశారు, ఆపి చూశారు, రెండూ వచ్చని ముద్ర వేసి పంపించారు. నన్ను బిగించిన కారును మొదట కాకినాడలో ఒక బ్యాంకు ఉద్యోగి కొన్నాడు. పిల్లల జ్వరానికి లేని కంగారు ఆయనకు కారు మీద గీత పడితే ఉండేది. ఏమైనా సరే, రేడియేటరులో ఇంజనును చల్లబరిచే మంచి కూలెంటు తప్ప మరోటి పోయించలేదు. అక్కడ నేను కాసేపు తిరిగి, మిగతా సేపు హాయిగా ఉండేదాన్ని. ఆయనకు బదిలీ వచ్చింది. కారు రంపచోడవరం ఇమ్మానియేలు చేతికి వచ్చింది.

ఇమ్మానియేలు మారేడుమిల్లి ఘాటీ మీదుగా చింతూరుకు మనుషుల్ని తిప్పేవాడు. కూలెంటు దండగనేవాడు. ఘాటీలో ఏ వాగు కనిపిస్తే ఆ వాగు నీళ్లు సీసాతో పట్టి రేడియేటరులో పోసేవాడు. లోపల తుప్పు పట్టింది, బురద పేరుకుంది. నేను ఎంత గాలి లాగినా ఆ బురదలోంచి వేడి బయటకు రాదు. ఇంజను ఉడికీ ఉడికీ చివరకు దాని తల కింద నీళ్లు కారకుండా అడ్డుండే గ్యాస్కెట్ కాలిపోయింది. బాగు చేయించడానికి అతనికి మనసొప్పలేదు. అమ్మేద్దామనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం బానెట్ ఎత్తి, ఇంజను వేడి ఎంతో చెప్పే సెన్సార్ తీగను పీకేశాడు. తీగ ఊడిపోతే కారులోని కంప్యూటరుకు వేడి సంగతి తెలియదు. తెలియక, భయపడి, నన్ను ఆపకుండా తిప్పుతుంది. డ్రైవరు ముందున్న వేడి ముల్లు మాత్రం అడుగునే పడుకుంటుంది. మీటరు విప్పించి, ప్రమాదం చెప్పే ఎర్ర దీపం మీద నల్ల టేపు కూడా అంటింపజేశాడు. ఇక చూసేవాళ్లకు ఇంజను మంచులా చల్లగా ఉన్నట్టే. కీ తిప్పడం ఆలస్యం, చల్లటి ఇంజను ముందు నేను పిచ్చిదానిలా గింగిరాలు తిరిగేదాన్ని.

ఆ కారును అతను ఎవరికి అంటగట్టాడో తెలుసా? సొంత మరదలికి.

ఆమె పేరు సువార్త. ఇమ్మానియేలు భార్య కరుణమ్మకు చెల్లెలు. మొగుడు పోయాక రంపచోడవరంలో షేర్ ఆటో నడిపి పిల్లల్ని సాకుతోంది. ఆటో అమ్మేసి, బావ మాట మీద కారు తీసుకుంది. మొదటి రోజే నా చప్పుడు విని అడిగింది.

"ఏటి బావా, ఇంకా బండి కదల్లేదు, అప్పుడే ఫ్యాను తిరుగుతుందేటి?"

"మంచిదే కదే! ఇంజను ఎప్పుడూ చల్లగా ఉంటది. నువ్వు ఘాటీ ఎక్కుతావని పెత్యేకంగా పెట్టించాను."

ఆ మాట విన్నప్పుడు నా రెక్క విరిగి అతని మొహాన తగిలితే బాగుండుననిపించింది. మాట్లాడే నోరు లేదు నాకు. ఉన్నదల్లా రొద. ఆ రొదే నా మొర అని ఎవరికి తడుతుంది? ఎక్కినవాళ్లంతా విసుక్కున్నారు. స్టాండులో తోటి డ్రైవర్లు, "ఆ ఫ్యాను పీకి పాత సామాన్లోడికి పడెయ్యి, గోల వదులుద్ది," అన్నారు. అరిచినదాన్ని అవతల పారేస్తే సరి, ఎందుకు అరుస్తోందో ఎవరికీ అక్కర్లేదు! సువార్త మాత్రం నన్ను పీకించలేదు. అలాగని బావను అనుమానించనూ లేదు. నమ్మకం కళ్లకు కట్టిన గంత.

ఘాటీలో ఒక ఎత్తు మలుపు దగ్గర జరిగింది అది. కారు నిండా మనుషులు. ముందు సీటులో పచ్చి బాలింత, ఒళ్లో బిడ్డ. ముల్లు అడుగునే ఉంది, ఎర్ర దీపం వెలగలేదు. ఒక్కసారిగా బానెట్ కింద నుంచి ఆవిరి తన్నుకొచ్చి అద్దాన్ని కప్పేసింది. ఇంజను చచ్చింది. ఇంజను చస్తే బ్రేకు పెడలు రాయిలా గట్టిపడి, మామూలుగా తొక్కితే పట్టదు. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక లోయ.

సువార్త రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడినంత పని చేసి, హ్యాండ్‌బ్రేకు లాగింది. వెనక కూర్చున్న ఒకాయన దూకి టైరు కింద రాయి వేశాడు. కారు ఆగింది. బాలింత దిగి, బిడ్డను గుండెకు హత్తుకుని, రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. ఇంజను చచ్చినా నేను తిరుగుతూనే ఉన్నాను. సువార్త బానెట్ ఎత్తి నావైపు చూసింది.

"ఇది తిరుగుతానే ఉంది కదా, మరి ఎందుకు ఉడికింది?" అంది, ఎవరితోనో కాదు, తనతో తనే.

లారీకి కట్టి కారును రంపచోడవరంలో మెకానిక్ మస్తాన్ షెడ్డుకు తెచ్చారు. మర్నాడు ఇంజను పూర్తిగా చల్లారాక మస్తాన్ కీ తిప్పాడు. నేను లేచాను. ఏసీ ఆపి ఉంది, అయినా తిరుగుతున్నాను. నాకు కరెంటు వదిలే రిలే అతుక్కుపోయిందేమోనని తీసి కొత్తది పెట్టాడు. అయినా తిరిగాను.

"చల్లటి ఇంజను వేడిగా ఉందని దీనికెవరు చెబుతున్నారు? అది చూడన్నా," అంది సువార్త.

మస్తాన్ వేడి సెన్సార్ దగ్గర చెయ్యి పెట్టి తడిమాడు. తీగ లేదు. వెతికితే గొట్టం వెనక్కి మడిచి, టేపు చుట్టి కనిపించింది.

"ఇది ఊడింది కాదమ్మా. పీకేరు. మళ్లీ కనపడకుండా దాచేరు."

తీగను దాని చోట తగిలించి కీ తిప్పాడు. నేను తిరగలేదు. ఎన్నాళ్లకు! మీటరు విప్పితే నల్ల టేపు బయటపడింది. రేడియేటరు మూత తీస్తే బురద. సువార్త ఆ నల్ల టేపును వేలితో తడిమి చూసింది. తర్వాత మెల్లగా అంది:

"ఆ తీగ మళ్లీ పీకెయ్యన్నా. ఎలా ఉందో అలాగే పెట్టు. నీళ్లు పొయ్యి. పక్క వీధిలో బావ ఇంటి దాకా పోతే చాలు."

ఆదివారం. చర్చి నుంచి వచ్చి ఇమ్మానియేలు కుటుంబం అరుగు మీద కూర్చుంది. నేను రొద పెడుతుండగా కారు వాకిట్లో ఆగింది.

"రా బావా, నువ్వే నడుపు," అంది సువార్త దిగి. "అక్కనీ ఎస్తేరునీ ఎక్కించుకో. చింతూరు పోయొద్దాం."

"ఎండలో ఇప్పుడెందుకే?" అని నసిగాడు.

వాళ్ల చిన్నపిల్ల ఎస్తేరుకు అదేమీ పట్టలేదు. షికారనగానే పరుగెత్తుకొచ్చి ముందు సీటెక్కి కూర్చుంది. కరుణమ్మ చెప్పులైనా వేసుకోకుండా ఒక్క ఉదుటున వచ్చి, పిల్ల జబ్బ పట్టి కిందికి లాగింది.

"దిగవే! ఇందులో ఘాటీ ఎక్కకూడదు!"

సువార్త అక్క మొహంలోకి చూసింది. బావ కోసం తెచ్చుకున్న కోపమంతా అక్క మీదికి మళ్లింది.

"ఎక్కకూడదని నీకెలా తెలుసక్కా?"

కరుణమ్మ పిల్లను చంకనెత్తుకుంది. ఇమ్మానియేలే అందుకున్నాడు.

"పాత బండంటే అంతే. బేరానికొచ్చినోళ్లకి అన్నీ చెప్పుకుంటారేటి?"

"నేను బేరానికొచ్చినదాన్నా? ముందు సీట్లో బాలింత ఉంది బావా, పసిగుడ్డుతోటి! లోయలోకి జారేం!"

వీధిలోవాళ్లు తలుపులు తీసి చూస్తున్నారు. సువార్త గడప దాటి లోపలికి వెళ్లి, మమ్మల్ని అమ్మాక ఇమ్మానియేలు కొన్న కొత్త కారు తాళాలు మేకుకు తగిలించి ఉంటే తీసుకుంది.

"నాది బాగయ్యేదాకా ఇది నడుపుతాను. ఇంజను విప్పించు, రేడియేటరు మార్పించు. మస్తానన్న షెడ్డులోనే. నేను దగ్గరుండి చూత్తాను."

అతను అడ్డం రాబోయాడు. వీధి వైపు చూసి ఆగిపోయాడు. దేవుడికి జడవని మనిషి, ఇరుగుపొరుగుకు జడిశాడు.

చేయించాడు. చేయించక ఏం చేస్తాడు? కొత్త రేడియేటరు వచ్చింది, గ్యాస్కెట్ మారింది, ఎర్ర దీపానికి గంత ఊడింది. నన్ను కడిగి మళ్లీ నా చోటే బిగించారు. సువార్త బావకు తాళాలు తిరిగిచ్చేసి, తన బండి తను తీసుకుంది.

వానలు వెలిసిన రోజుల్లో ఒక ఉదయం కరుణమ్మ పిల్లతో స్టాండుకొచ్చింది. చింతూరు పోవాలి, మొగుడి కారు కిరాయికి వెళ్లింది, వేరే బండి లేదు. చనువుగా ముందు తలుపు మీద చెయ్యి వేసింది.

"ముందు సీటు లేదు," అంది సువార్త. "వెనక్కి కూర్చో."

ముందు సీటులో ఎవరూ లేరు. కరుణమ్మ ఒక్క క్షణం నిలబడి, పిల్లతో వెనక్కి వెళ్లి కూర్చుంది. ఘాటీ ఎక్కుతుంటే ఇంజను వేడెక్కింది. నేను లేచాను. వెనక కరుణమ్మ ఉలిక్కిపడి పిల్లను దగ్గరకు లాక్కుంది.

"ఏటే అది, ఫ్యాను తిరుగుతుంది?"

సువార్త గేరు మార్చి మలుపు తిప్పింది. కాసేపటికి ఇంజను చల్లబడింది, నేను ఆగిపోయాను. ఆమె కోపం మాత్రం చల్లారలేదు. చల్లారాలని నేనూ కోరుకోవడం లేదు. ఖాళీ ముందు సీటుతోనే మేము ఘాటీ దిగాం.