ఆగి ఆగి దిగే పేజీలు

పేజీ సగం దాకా దిగి ఆగిపోయింది. తెర పైభాగంలో అక్షరాలు, కిందంతా బూడిదరంగు. కామా గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కంప్యూటరు పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, అక్కడ గుచ్చి ఉన్న వైఫై పుల్లని తడిమాడు. బొటనవేలంత ఉంటుంది. కాలిపోతోంది. దాన్ని పీకి, నోటితో ఊది, మళ్ళీ గుచ్చాడు. ఊదితే బాగుపడదని తెలుసు. అయినా పొద్దున్నే మొహం కడుక్కున్నట్టు అదీ ఒక అలవాటైపోయింది.

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే రోజుల్లో, ఎవరి వాక్యం కనబడినా అందులో ఒక కామా ఇరికిస్తే గాని ఆయనకి ఊపిరాడేది కాదు. తోటివాళ్ళు ఆ పేరే ఖాయం చేశారు. తరవాత అచ్చాఫీసు మూతపడింది. యంత్రాల్ని పాత ఇనప సామాను వాళ్ళు పట్టుకుపోయారు. పేరు మాత్రం ఆయన వెనకాలే ఇంటికొచ్చింది. ఎన్నో వందల పుస్తకాలు దిద్దాడు గాని, దిద్దినవాడి పేరు ఏ పుస్తకంలోనూ వెయ్యరు. ఎక్కడైనా ఒక తప్పు మిగిలిపోతే మాత్రం, ఎవడయ్యా చూసింది అని అడుగుతారు.

ఇప్పుడు ఒక ప్రచురణ సంస్థ పాత పుస్తకాల్ని మళ్ళీ వేస్తోంది. పాత పేజీల ఫొటోలు, వాటి పక్కనే కొత్తగా టైపు చేసినవీ తమ సైటులో పెడుతుంది. రెండూ పోల్చి చూసి తప్పులు దిద్దడం ఆయన పని. ఈ పుస్తకం సాయంత్రానికల్లా పూర్తి కావాలి.

గది చిన్నది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, దాని మీద వానకి కారిన తుప్పు చారలు. బల్ల కాలు కింద మడతపెట్టిన అట్టముక్క. కుర్చీలో ఒక దిండు, ఆ దిండులో ఆయన కూర్చున్న గుంట. మెడ ముందుకి వంగిపోయింది. నిలబడ్డప్పుడు కూడా నేల మీద ఏదో రాసి ఉంటే చదువుతున్నట్టే ఉంటాడు.

లోపలి గదిలోంచి అక్క దగ్గింది.

“వాణ్ణి మళ్ళీ ఓడెక్కించుకున్నారట్రా?”

“పేజీ రావాలి కదా అక్కా.”

ఆ పుస్తకం ఓడలో బొగ్గు వేసే మనిషొకడు తన గురించి రాసుకున్నది. దిద్దినంత మేరకు రోజూ అక్కకి చదివి వినిపిస్తున్నాడు. జబ్బుపడ్డ ఆ మనిషిని ముక్కూ మొహం తెలియని రేవులో దించి, ఓడవాళ్ళు సరుకు కోసం వెళ్ళారు. మళ్ళీ వస్తామన్నారు. నిన్న కథ అక్కడే ఆగింది.

అక్క టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి భార్య పోయాక, ఇద్దరికీ రెండు పొయ్యిలెందుకు అని పెట్టె పట్టుకుని వచ్చేసింది. ఇప్పుడు గుండె నీరసించింది. డాక్టరు మందులు మార్చి మార్చి, చివరికి “ఇవే వాడుతూ ఉండండి” అని ఊరుకున్నాడు. కాళ్ళు ఉబ్బి మంచం దిగడం మానేసింది, చెవి మందగించి, తీస్తే కూతపెట్టే వినికిడి మిషనొకటి పెట్టుకుంది గాని, మాట తగ్గలేదు.

“మా రోజుల్లో లైను బాగాలేకపోతే గట్టిగా అరిచేవాళ్ళం. నువ్వూ అరిచి చూడు.”

“అరిస్తే ఇంటావిడ దిగొస్తుంది.”

అరవకుండానే వచ్చింది ఇంటావిడ. పైవాటాలో ఉంటుంది. వైఫై ఆవిడదే, కింద వీళ్ళనీ వాడుకోనిస్తుంది. ఆరేసిన బట్టలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, తన ఫోను తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఎవరో కుట్టుపని నేర్పుతున్న వీడియో అందులో ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది.

“చూశారా అన్నయ్యగారూ, మీ గదిలో కూడా బానే వస్తోంది. మా వైపు లోపమేం లేదు.”

“లేదమ్మా. నా పుల్లలోనే ఉంది.”

“కొత్తది కొనెయ్యకూడదూ?”

“ఇదే కొత్తదమ్మా.”

ఇంటావిడ బట్టలు భుజం మీదికి ఎగేసుకుంది. ఫోను తీసుకుని, లోపలి గది వైపు ఒకసారి తొంగిచూసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పాత కంప్యూటర్లు అమ్మే కొట్టతను ఈ పెట్టెలో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఇచ్చాడు. ఊరికే వస్తుంది, వైరస్ రాదు, ముసలి మిషన్లకి ఇదే మందు అన్నాడు. నిజమే, వైరస్ రాలేదు. ఆ కొట్టు ఇప్పుడు లేదు, ఆ చోట జోళ్ళు అమ్ముతున్నారు. ఏదైనా చెడితే ఎవర్నడగాలో తెలియక, ఇంటర్నెట్లో తనలాంటివాళ్ళు మొరపెట్టుకునే చోటికి వెళ్ళడం ఆయన నేర్చుకున్నాడు.

అక్కడ ఇదే పుల్లతో చాలామంది వేగుతున్నారు. పెట్టెకి ఆనించి గుచ్చకండి, పొడుగు తీగ తగిలించి దూరంగా పెట్టండి అన్నాడొకతను. ఆయన అలాగే తీగ తగిలించి, పుల్లని కిటికీ ఊచకి దారంతో కట్టాడు. పేజీ ఇంకో నాలుగు వరుసలు దిగింది. కరెంటు పొదుపు కోసం సిస్టమ్ ఆ పుల్లని మధ్యమధ్య నిద్రపుచ్చుతుంది, ఆ పొదుపు ఆపెయ్యండి అన్నాడు ఇంకొకతను. దానికొక ఆజ్ఞ ఉంది. నల్లటి తెర ఒకటి తెరిచి అందులో కొట్టాలి. ఆయన అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టాడు. తప్పు అని వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పే. జీవితమంతా ఇతరుల తప్పులు పట్టినవాడికి, రెండు మాటల మధ్య తను ఖాళీ వదల్లేదని కనిపెట్టడానికి చాలాసేపే పట్టింది. సరిచేశాక పేజీ గబగబా దిగింది. దాని తరవాతిదీ దిగింది. రెండింటిలోనూ రేవులోని ఆసుపత్రి గోడల గురించీ, నల్లుల గురించీ ఉంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలేలోపు మూడోది సగంలో ఆగిపోయింది.

మధ్యాహ్నం, పాలల్లో నానేసిన రొట్టె తీసుకుని లోపలికి వెళ్ళాడు. అక్క రెండు చెంచాలు మింగి చాలంది. పెదాలు కాస్త నీలంగా కనిపించాయి. కిటికీ వెలుతురు వల్లనేమో అనుకున్నాడు. అలా అనుకోవడం తేలిక.

“కాసేపు ఇక్కడ కూచోరా.”

“ఒక్క నిమిషం అక్కా. ఇంకొక్కటి మిగిలింది, అదీ చూసి వస్తా.”

అక్క నవ్వబోయింది. ఊపిరి చాలలేదు. “ఒక్క నిమిషం, లైన్లోనే ఉండండి. ఎంతమందికి చెప్పానో ఈ ముక్క. ఉండేవాళ్ళు పాపం.”

“మరి కలిపేదానివా?”

“కలిస్తే కలిపేదాన్ని.”

ఆయన దుప్పటి పైకి లాగి సర్ది, గిన్నె పట్టుకుని బయటికొచ్చాడు.

మిగిలిన ఆ ఒక్కటీ డ్రైవరు. పుల్లకీ కంప్యూటరుకీ మధ్య దుబాసీ లాంటిదది. సిస్టమ్ తనతో తెచ్చుకున్న దుబాసీకి ఈ పుల్ల భాష సగమే వచ్చు, వేరే వాణ్ణి తెచ్చుకోవాలి అని ఎవరో ఓపిగ్గా రాశారు. తెచ్చుకోవాలన్నా ఈ పాడు లైను మీదే తెచ్చుకోవాలి. దించడం మొదలుపెట్టాడు. ఒక నీలిగీత నత్తలా పాకింది. పాకి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చింది. ఆయనా మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడు కావస్తోంది, గీత మధ్యలో ఉండగా, బల్ల మీద ఉన్న ఆయన బటన్ల ఫోను మోగింది. ప్రచురణ సంస్థ మేనేజరు.

“సార్, ఇబ్బందిగా ఉందని పొద్దున్న చెప్పారు కదా. మిగతా పేజీలు వేరేవాళ్ళకి ఇచ్చేశాం. మీరు కంగారు పడకండి.”

“సాయంత్రానికి అయిపోతుందండీ. చివరికొచ్చింది.”

“అయిపోయిందండి. వాళ్ళు చేసేశారు.”

“తరవాతి పుస్తకం...”

“తరవాతివి మిషనే చదివేస్తోంది సార్. మనిషి పైపైన చూస్తే చాలంటున్నారు. ఏదైనా ఉంటే చెప్తాం.”

“సరేనండి,” అన్నాడు కామా గారు. మేనేజరు గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది, ఏదో ఒకటి తిరిగి అనడానికి వీలుండేది.

ఫోను పెట్టేసి తెరవైపు చూస్తూ ఉండిపోయాడు. లేచి లోపలికి వెళ్ళొచ్చు. ఇక తొందరేం లేదు. కాని వెళితే అక్క కనిపెట్టేస్తుంది. తీగకి అవతల ఉన్న మనిషి ఏడ్చి ఫోనెత్తాడో, నవ్వుతూ ఎత్తాడో, హలో అన్న ఒక్క మాటతో చెప్పగలిగేది ఆవిడ. ఒక మంచి కబురైనా లేకుండా ఏ మొహంతో వెళ్ళాలి? ఓడవాళ్ళు తిరిగొచ్చారో లేదో, కనీసం అదైనా తెలుసుకుని వెళదామనుకున్నాడు. సైటులోకి ఇంకా రానిస్తోంది. రేపటికి రానివ్వకపోవచ్చు.

నీలిగీత చివరికంటా వచ్చింది. డ్రైవరుని పెట్టబోతే ఇంకేదో కావాలంది. దాన్నీ తెచ్చాడు. పాతదాన్ని తీసెయ్యమంది. తీసేశాడు. పెట్టె గుర్రుమంటూ తెర నిండా వరుసలు తోసింది. ఆయనకి ఒక్కటీ అర్థం కాలేదు. చివర తప్పు అనే మాట లేదని మాత్రం చూసుకున్నాడు. ఒకసారి ఆపి వెలిగించమంది. ఆపాడు. నల్లబడ్డ తెరలో తన మొహం కనిపిస్తే పక్కకి చూశాడు.

వెలిగాక సైటు తెరిచాడు. నొక్కీ నొక్కగానే పేజీ మొత్తం కుమ్మరించినట్టు పడింది. తరవాతిదీ అంతే. ఆ తరవాతిదీ. ఇన్ని నెలలు ఇంత తేలిగ్గా వచ్చి ఉండాల్సినవి. ఆయన వరుసలు దాటేసుకుంటూ ఆత్రంగా చదివాడు. ఒకచోట కామా ఎగిరిపోయి ఉంది, ఆగలేదు. ఓడ తిరిగొచ్చింది. ఆలస్యంగానే, కాని వచ్చింది. తోటి పనివాడొకడు రేవంతా వెతికి వాణ్ణి పట్టుకున్నాడు.

“ఎక్కించుకున్నారు అక్కా,” అన్నాడు, లేస్తూనే.

కుర్చీ వెనక్కి తోశాడు.

“భుజాన మోసుకెళ్ళాడట.”

గుమ్మంలోకి వెళ్ళేసరికి తెలిసిపోయింది. అక్క తల ఇటువైపే తిరిగి ఉంది. కళ్ళు సగమే మూసుకున్నాయి. దుప్పటి ఆయన సర్దినట్టే ఉంది. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు చల్లబడ్డాయి, అరచేతిలో మాత్రం కొంచెం వెచ్చదనం ఉంది. ఆయన మంచం అంచున కూర్చున్నాడు. ఆ వెచ్చదనం కూడా పోయేదాకా కూర్చున్నాడు.

ఇంటావిడ ఎప్పుడొచ్చిందో, డాక్టరుకి ఎవరు ఫోను చేశారో ఆయనకి సరిగ్గా తెలియదు. డాక్టరు చూసి, గుండె ఆగిపోయింది, పెద్దగా బాధపడి ఉండరు అన్నాడు. ఎప్పుడండీ అని అడిగాడు కామా గారు. మూడింటికో, కాస్త అటూ ఇటూగానో అన్నాడు డాక్టరు. ఆ వేళకి తను ఏం చేస్తున్నాడో ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఇంటావిడ అక్కకి మొహం తుడిచి, జుట్టు దువ్వి, చీర సర్దింది. వెలుతురుండగానే శవాన్ని తీసుకెళ్ళే బండి వచ్చింది. ఇద్దరు మనుషులు మంచం మీంచి ఎత్తి తీసుకెళుతుంటే, మలుపులో గోడ తగలకుండా చూడండి బాబూ అంటూ ఇంటావిడ వాళ్ళ వెంట నడిచింది. ఆయన నాలుగడుగులు వేసి, కాళ్ళకి చెప్పులు లేవని చూసుకుని వెనక్కి వచ్చాడు.

ఖాళీ గదిలో ఎక్కడో సన్నగా కూత వినిపించింది. కంప్యూటరు అనుకున్నాడు. కాదు. జుట్టు దువ్వేటప్పుడు ఇంటావిడ అక్క చెవిలోంచి వినికిడి మిషను తీసి, ఎలా ఆపాలో తెలియక, స్టూలు మీదున్న స్టీలు గ్లాసులో వేసి వెళ్ళింది. శనగగింజంత మిషను గ్లాసు అడుగున వెల్లకిలా పడి ఉంది. ఇంకా పనిచేస్తోంది.