అక్కకు బాకీపడ్డ వంగ నారు

దేవుడికి అప్పగించిన పనిని మళ్ళీ వెళ్ళి తడిమి చూస్తే, అది నమ్మకం లేకపోవడమేనా? దర్జీని ఏళ్ళ తరబడి తొలుస్తున్న సందేహం ఇది. ఎవరినీ అడగలేదు. నవ్వుతారని కాదు, అవునంటారేమోనని.

ఈసారి ఆ సందేహం వంగ నారు మీదికి వచ్చి కూర్చుంది. పొద్దున్నే దండం పెట్టుకుని "ఇక నీదే భారం స్వామీ" అనేవాడు. మిషను ముందు కూర్చుని నాలుగు కుట్లు వేశాడో లేదో, కాలు కాలిన పిల్లిలా వసారాలోకి పరుగు. మట్టిలో వేలు పెట్టడం, ఆకు తిప్పి చూడటం, మళ్ళీ రావడం.

కారణం లేకపోలేదు. కొత్తగా కాపురం పెట్టినప్పుడు అతను పోసిన నారు కుళ్ళిపోతే, పక్క వీధిలోని అక్క తనకోసం పెంచుకున్న నారంతా ట్రేతో సహా తెచ్చి ఇచ్చేసింది. ఆ ఏడు ఆమె పెరడు బోసిపోయింది. అప్పటినుంచి కనబడితే చాలు, "ఏరా, నా నారు ఎప్పుడిస్తావు? నేను పోయాకా?" అంటుంది. నవ్వుతూనే అంటుంది, అతనికే చురుక్కుమంటుంది. ఏటా పోస్తాడు, ఏటా ఏదో ఒకటి అవుతుంది. ఇప్పుడు అక్క మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. "వచ్చే ఏడు వంగి తవ్వడం నావల్ల కాదు, ఇదే ఆఖరు" అంటూ మడి కూడా సిద్ధం చేసుకుంది.

మొలకలు చక్కగా వచ్చాయి. చిన్న కప్పుల్లో ఇరుకుగా ఉన్నాయనిపించి పెద్ద కుండీల్లోకి మార్చాడు. వారానికోసారి పోయాల్సిన ఎరువు నీళ్ళు రోజూ సాయంత్రం పోశాడు. ఒక పొద్దున చూస్తే ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. ఆకలేమోననుకుని ఎరువు సీసా అందుకున్నాడు. తేలిగ్గా ఉంది.

"ఏమే, ఇది ఎవరు వాడారు?"

గిన్నెలు తోముతున్న భార్య నీళ్ళు నమిలింది. "నేనే. మీరు మర్చిపోతారేమోనని రోజూ పొద్దున్నే ఒక మూతెడు..."

"సాయంత్రం నేను పోస్తున్నానుగా!"

"నాతో చెప్పారా?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరూ మొక్కలకేసి చూశారు. "పాపం, రెండు పూటలా విందే," అంది భార్య. "మీ అక్క చూసిందంటే మడిలో మనల్ని నాటుతుంది."

కుండీ వంచితే అడుగు మట్టి బురదలా జారింది. వెంట్రుకల్లాంటి ఆ వేళ్ళు అంత నీటిని ఎక్కడ తాగగలవు? మొక్కల్ని మెల్లగా తీసి, అడుగున చిల్లులున్న పాత కప్పుల్లో, ఎరువు కలపని మట్టిలో నాటి నీడన పెట్టాడు. సీసాను భార్య బీరువాలో పెట్టి తాళం వేసింది.

"తాళంచెవి ఏదీ?"

"దేవుడి దగ్గర పెట్టా. ధైర్యముంటే అడిగి తీసుకోండి."

ఆ తర్వాత అతనికి కాలు నిలవలేదు. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. వసారా గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. "స్వామీ, చూడకుండా ఉండటం భక్తా, భయమా?" అని అడిగాడు. సగం మొక్కలు వాలిపోయాయి. మిగిలినవాటికి, పైమట్టి ఎండినప్పుడు మాత్రమే చెంబుతో నీళ్ళిచ్చాడు. అలా వెళ్ళిన ఒక పొద్దున, మాడిన ఆకుల నడుమ మడత విప్పని లేత ఆకు కనిపించింది. మచ్చ లేదు. తరువాత ఇంకో మొక్కకీ, ఇంకో మొక్కకీ.

అవి నిలదొక్కుకున్నాక, మూల విరిగిన అక్క ట్రేలోనే కప్పులు పేర్చి తీసుకెళ్ళాడు.

"ఓరి, ట్రే కూడా దాచావుట్రా!"

"సగం చచ్చిపోయాయక్కా."

"నేనిచ్చినవాటిలోనూ సగం చంపావుగా. చెల్లుకు చెల్లు."

అక్క పీట మీద కూర్చుని ఒక్కొక్కటే నాటింది. చివరి మొక్క మొదట్లో మట్టి సరిగా అణిగిందో లేదోనని అతను వేలు చాచాడు. ఆమె ఆ చేతిమీద చిన్నగా ఒకటి వేసింది.

"ఇక ఇవి నావిరా. చెయ్యి తియ్యి."

తీశాడు.