మెడలో కార్డు

రోడ్డు మీద అన్నం తిన్నందుకు నాకు అభిశంసన వచ్చింది. తెలంగాణ కోసం కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు పెడితే, ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి మా బస్తీ ఆడవాళ్ల మధ్య కూర్చుని పప్పన్నం తిన్నాను. కంపెనీ కార్డు మెడలోంచి తీయడం మరిచాను. మర్నాడు పేపరు ఫొటోలో నా మొహం కన్నా ఆ కార్డే బాగా కనబడింది.

పక్క వరసలో మా టీమ్ లీడ్ సురేంద్ర కూడా తిన్నాడు. అనంతపురం మనిషి, జాగ్రత్తపరుడు, కార్డు జేబులో వేసుకున్నాడు. వెంట ఎవరున్నారని హెచ్ఆర్ కామేశ్వరరావు గారు అడిగితే ఎవరూ లేరన్నాను.

మెయిల్లో 'సెన్షర్' అని ఉంది. నిఘంటువు తీస్తే అభిశంసన అంది. తెలుగులో చదివాక ఇంకా భయమేసింది. బాలానగర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక మా నాన్న పెంటయ్య ఇంట్లోనే ఉంటున్నాడు, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

"గదేం మాట బిడ్డా? నౌకరి తీసేస్తరా?" అన్నాడు. 

సురేంద్రనే అడిగాను. మందలింపైతే గదిలోకి పిలిచి నోటితో అంటారట. అభిశంసన అంటే, నీది తప్పని నలుగురి ముందూ చదివి రికార్డులో పెట్టడమట. దానితో ఉద్యోగం పోదు గానీ, ఇంకోసారి ఏదైనా జరిగితే తీసేయడానికి అదొక్కటి చాలట. ధైర్యం చెబుతాడని వెళ్తే ఉన్న కాస్తా లాక్కున్నాడు. చదవాల్సింది తనేనంటూ తల దించుకున్నాడు.

మీటింగ్ గదిలో అందరూ కూర్చున్నారు, నన్ను నిలబెట్టారు. సురేంద్ర కాగితం మొత్తం చదివాడు, తడబడకుండా. నాకు ఒళ్లు మండింది, అంతకన్నా ఎక్కువ భయమేసింది. సంతకం పెట్టమంటే పెన్ను అందుకున్నాను.

సురేంద్ర తన మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"సార్, ఆ పొద్దు నేనూ ఆడ తింటి. నా కార్డు జేబులో ఉండె, అంతే. నాకూ ఇట్లాంటిదే రాయండి."

వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కామేశ్వరరావు గారు అప్పటికప్పుడు రెండో కాగితం తెప్పించారు. దీన్నెవరు చదువుతారండీ అంటూ గదంతా చూశారు.

ఆ కాగితం కోసం ఎవరూ చేయి చాపలేదు.