వంకర గీత

ఆయన్ను అందరూ మిల్లీమీటర్ మేస్త్రీ అనేవారు. కుర్చీ చేసినా, తలుపు చేసినా అతుకు సందులో కాగితం ముక్క దూరదని పేరు. అలాంటి మేస్త్రీ చేసిన కుర్చీ, ఆయన బావమరిది కూర్చోగానే వెనక కాలు ఊడి కూలబడింది. బావమరిది మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చి, "తప్పు నాదేలే బావా, అన్నం రెండోసారి వడ్డించుకున్నాను" అని నవ్వించబోయాడు గాని మేస్త్రీకి నవ్వు రాలేదు.

ఊడిన కాలిని షెడ్డులో వెలుతురుకు పెట్టి చూశాడు. కాలి చివర నాలుకలా కోసి, బెజ్జంలో దిగగొట్టిన జాయింట్ అది. నాలుక ఒక పక్క పలచబడి ఉంది. వదులుగా ఆడిన చోట జిగురు కూడా పట్టలేదు.

"రంపం పాడైపోయింది," అన్నాడు భార్యతో.

ఆమె పాలిష్ పని చేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కోసిన కొయ్యల మీద చెయ్యి ఆడించిన మనిషి. "మొన్ననేగా పదును పెట్టించారు?" అంది. ఆయన ఊడిన కాలిని బల్ల కిందికి తోసేశాడు.

దాచడానికి కారణముంది. రెండు నెలలుగా ఆయనకు గుమ్మాలు వంగి కనబడుతున్నాయి. పొద్దున్నే పక్క మీంచి చూస్తే కిటికీ చువ్వ ఒకటి నడుం దగ్గర ఎవరో గుద్దినట్టు లోపలికి ఒరిగి ఉండేది. నిద్ర చాలక అనుకున్నాడు. వయసు అనుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. వడ్రంగికి కన్ను పోతోందని పొక్కితే ఇంకెవరు పనిస్తారు?

పైగా ఒప్పుకున్న పని అలాంటిది. చిన్నపిల్లల బడిలో మేడ మీది వరండాకు కొయ్య కటకటాలు. అరవై నిలువు కమ్మీలు, ప్రతి కమ్మీకి కిందొక జాయింట్, పైనొక జాయింట్. నాలుగేళ్ళ పిల్లలు వాటికి ఆనుకునే నిలబడతారు. కళ్ళు మూసుకుంటే చాలు, ఒక కమ్మీ ఊడి, ఆ సందులోంచి చిన్న చెప్పు ఒకటి కిందికి జారడం కనబడేది. చెప్పు వెనకాల ఏం పడబోతోందో చూడలేక ఉలిక్కిపడి లేచేవాడు.

"జపాన్ రంపం కొందాం," అన్నాడు ఒక ఉదయం. "రేకు కాగితంలా ఉంటుందట. గీత మీద పెడితే గీత దాటదట."

భార్య కూడా బయలుదేరింది. పనిముట్ల షాపు నడిపేది ఒక నలభై ఏళ్ళ ఆవిడ. తను కోసి చూడనిదే ఏ రంపమూ అమ్మదు. మూడింటిని బల్ల మీద పరిచింది.

"ఇవన్నీ లాగితే కోసేవి మేస్త్రీ గారూ. తోస్తే రేకు మడత పడుతుంది. దీనికి రెండు వైపులా పళ్ళున్నాయి. ఎంత లోతైనా దిగుతుంది గాని రేకు కాస్త ఊగుతుంది. ఈ రెండింటికీ పైన గట్టి వెన్ను ఉంది. కోత ఆ వెన్ను దాకానే. కానీ అటూ ఇటూ పోదు. జాయింట్లకి ఇవే మేలు."

"ఈ రెండింటికీ తేడా ఏంటమ్మా?"

"ఇది కొయ్య పీచుకు అడ్డంగా కోసేది, అది పీచు వెంట కోసేది. మీ నాలుక పక్కలు పీచు వెంటే కదా కొయ్యాలి. నా మాటేం నమ్మొద్దు, కోసి చూడండి."

ఆమె టేకు ముక్క బిగించి, స్టీలు స్కేలు ఆనించి గీత గీసింది. మేస్త్రీ రెండంచుల రంపం లాగాడు. కోత గీత పక్కకు పోయింది. "రేకు ఊగుతోంది," అన్నాడు. వెన్నున్న రంపం తీసుకున్నాడు. అదీ అదే పక్కకు పోయింది. మూడోది పట్టుకునేసరికి అరచేతులు తడిసి పిడి జారుతోంది. అదీ అటే పోయింది, సరిగ్గా అంతే దూరం.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని షాపామె అనలేదు. అదే రంపంతో అదే ముక్క మీద కోసి చూపించింది. కోత గీతను ఒరుసుకుంటూ దిగింది.

"మేస్త్రీ గారూ, మీకు గీత ఎక్కడ కనిపిస్తోంది?"

ఆయన స్టీలు స్కేలు అందుకుని కళ్ళకెదురుగా పెట్టుకున్నాడు. స్కేలు మధ్యలో గూని వచ్చి ఉంది. ఎడమ కన్ను మూశాడు. గూని పెరిగింది. కుడి కన్ను మూశాడు. స్కేలు బాణంలా నిటారుగా నిలబడింది.

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళనించి?" అని అడిగింది భార్య, గొంతు తగ్గించి.

"రెండు నెలలు."

"నాతో కూడా చెప్పకూడదా?"

"చెబితే నిజమైపోతుందని భయమేసింది."

ఆమె పీచు వెంట కోసే రంపాన్ని చూపించి, "అది కట్టివ్వండి, ఇక్కణ్ణించి నేరుగా కళ్ళాసుపత్రికి వెళ్తాం," అంది షాపామెతో.

డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, చాలాసేపు చూసింది. కంటి వెనక పొర మధ్యలో నీరు చేరిందనీ, అందుకే గీతలు వంగి కనబడుతున్నాయనీ చెప్పింది. "నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు, కంట్లోకే. ముందే రావలసింది. ఇక ముదరకుండా ఆపగలం అనుకుంటున్నాను. వంకర మొత్తం పోతుందని మాటివ్వలేను."

కంట్లోకి సూది అనగానే మేస్త్రీ లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. భార్య చెయ్యి భుజం మీద బరువుగా పడింది. మత్తు చుక్కలతో కన్ను మొద్దుబారాక సూది ఒక ఒత్తిడిలా మాత్రమే తెలిసింది.

మర్నాడు బడికి వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె, "మీరు కోసిందాన్ని ఇంకెవరైనా చూస్తారా?" అని అడిగింది.

"మా ఆవిడ చూస్తుందండీ. నాకన్నా గట్టిది."

"అయితే కానివ్వండి. కటకటాలు బిగించేదాకా పిల్లల్ని మేడెక్కనివ్వను."

కుడి కంటికి దూది అడ్డం కట్టుకుని, ఎడమ కంటితో కోత మొదలుపెట్టాడు. రంపాన్ని చిటికెనవేలి బరువుతో లాగాలని నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు నాలుగు ముక్కలు చెడ్డాయి. భార్య ప్రతి నాలుకనూ బెజ్జంలో దూర్చి చూసేది. చేత్తో సులువుగా దిగితే పక్కన పారేసేది. సుత్తి దెబ్బకు కిర్రుమంటూ దిగితేనే, "ఊఁ" అనేది. ఆ "ఊఁ" వినబడేదాకా మేస్త్రీ ఊపిరి బిగబట్టుకునే ఉండేవాడు. నూట ఇరవై సార్లు.

బిగించడం అయ్యాక, ఒక్కో కమ్మీ మీద తన బరువంతా మోపి చూశాడు. కింద గచ్చు లోతుగా కనబడేది. భార్య వెనక నుంచి చొక్కా పిడికిట పట్టుకుని నిలబడింది. ఏదీ కదల్లేదు.

పిల్లలను మేడెక్కించిన రోజున మేస్త్రీ పనికి పోలేదు. బడి ఆవరణలో, వరండా కిందే నిలబడ్డాడు. పైన పిల్లలు కమ్మీల మధ్య ముక్కులు దూర్చి ఆయన్ను చూసి నవ్వారు. ఒకడు కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. మేస్త్రీకి తెలియకుండానే చేతులు రెండూ పైకి లేచాయి. ఆఖరి గంట కొట్టి, పిల్లలు మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా ఆ చోటు వదల్లేదు.

ఆ మర్నాడు రెండో ఇంజెక్షనుకు వెళ్ళాడు. భయం పోలేదు. కానీ ఈసారి డాక్టరమ్మ పిలవగానే, భార్య చెయ్యి భుజం మీద పడకముందే లేచాడు.