మోహన్ వంతు

ప్రతి ఏడాదీ అగ్నిపర్వతాల పాఠం వచ్చినప్పుడు ఎవరో ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు నిజంగ చూసిండ్రా?" అని అడుగుతుంది. చూడలేదంటాను. బోర్డు మీద కొండ బొమ్మ వేసి, ఎర్ర సుద్దముక్కతో లావా గీసి, బిలం అంటే కొండ నోరని రాయించి, గంట కొట్టగానే బయటపడతాను. నిజానికి నేను చూశాను. బిలం అంచున నిలబడి కళ్ళారా చూశాను. ఆ మాట చెబితే ఎప్పుడు పోయారని అడుగుతారు. ఎప్పుడో చెబితే మట్టయ్యన్న దగ్గరికి రావాలి. అందుకని చూడలేదంటాను.

కొండ మీద మోజు నాదే. ఇది ముందే చెప్పేస్తే నాకు తేలిక. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో అప్పటికి పదకొండేళ్ళుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మా నల్గొండ వైపు గుట్టలు తప్ప కొండలు చూడలేదు, సముద్రం అసలే చూడలేదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మేమిద్దరం పోయిన దూరప్రయాణం మెదక్ చర్చి. మోహన్‌ను ఒకటే పోరు పెట్టాను. అతను ఎల్బీ నగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు, మెత్తని మనిషి. రోజూ అదే పాట వింటే ఎంతటివాడైనా లొంగుతాడు. 2011 మొదట్లో పాస్‌పోర్టులకు పెట్టుకున్నాం. మే నెలలో అగ్నిపర్వతాలున్న బాలి ద్వీపానికి చవక టికెట్లు దొరికితే కొనేశాం. దసరా సెలవుల్లో ప్రయాణం. మార్చుకోవడానికీ రద్దు చేసుకోవడానికీ వీల్లేని టికెట్లు అవి.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. మోహన్ వాళ్ళు ఆఫీసు గేటు ముందు టెంటు వేసి రిలే నిరాహార దీక్షకు దిగారు. రోజుకు ఐదుగురు. పొద్దున పదింటికి మెడలో దండ వేసి కూర్చోబెడతారు, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగించి లేపుతారు. ఎవరి వంతు ఏ రోజో అట్ట మీద రాసి టెంటు గుంజకు కట్టారు. వంతుకు రాలేనివాడు తన బదులు ఇంకొకరిని తానే వెతికి పెట్టాలి. దానికి కూడా ఇంట్లో చావో రోగమో ఉండాలి, లేకపోతే "వీడు అమ్ముడువోయిండు" అనేస్తారు. ఆ మాట పడ్డవాడి మొహం ఆఫీసులో ఎవరూ చూడరు. మోహన్ వంతు బుధవారం పడింది. మేం సోమవారం విమానం ఎక్కాలి.

"మానేద్దాం జోస్నా," అన్నాడు మోహన్. "అందరు జీతాల్లేక అల్లాడుతుంటె మనం సముద్రం చూడవోతమా?"

నాకు ఒళ్ళు మండింది. "నేనేమన్న ఉద్యమానికి ఎదురా? ట్యాంక్‌బండ్ మీదికి నీకంటె ముందు నడిచిన. తొమ్మిదేండ్లల్ల ఒక్కటే అడిగిన నిన్ను."

అమ్మకు బాగాలేదని చెప్పమన్నది కూడా నేనే. మా అత్త పోచమ్మ అప్పుడు ఊళ్ళో పత్తి ఏరిస్తోంది, గుండ్రాయిలా ఉంది. ఊళ్ళో ఉండే మా మరిది తీతుకు ఒక్కడికే అసలు సంగతి చెప్పాం.

మట్టయ్యన్న మోహన్ ఆఫీసులోనే రికార్డ్ అసిస్టెంటు. మా పక్క వాటాలోనే కిరాయికి ఉండేవాడు. పాస్‌పోర్టు విచారణకు పోలీసాయన వచ్చి, ఇరుగుపొరుగు సంతకం కావాలంటే చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టిపోయింది అతనే. ఎందుకిది అని అడిగితే, "ఊకె, ఒక గుర్తింపు కార్డు లెక్క ఉంటదన్నా," అన్నాడు మోహన్. అతను మళ్ళీ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం మోహన్ మట్టయ్యన్న వాళ్ళ గడపలో నిలబడి, అమ్మకు బాగాలేదనే మాట బయటికి రాక తల గోక్కుంటున్నాడు. చివరికి ఎట్లాగో చెప్పాడు. మట్టయ్యన్న కాసేపు అతని మొహంలోకి చూశాడు.

"నీ వంతు నేను కూసుంట పో. నాది మంగళారం, నీది బుధారం. రెండు దినాలు ఎంతసేపు గడుస్తయి," అన్నాడు.

లోపలి నుంచి అతని భార్య రాములమ్మ వచ్చింది. "సుగర్ ఉన్నోనివి, ఎనకెనక రెండు దినాలు ఎట్ల ఉపాసముంటవ్?"

"నిమ్మరసంల జర చక్కెర ఎక్కువెయ్యమంట లే," అని నవ్వాడు.

నేను మా ఇంట్లోంచి ఇదంతా వింటూనే ఉన్నాను. వద్దన్నా, ఇంకెవరినన్నా చూసుకుంటాం అనడానికి నాలుగు అడుగులు వేస్తే చాలు. నేను సూట్‌కేసు జిప్పు పట్టక దాని మీద కూర్చుని లాగుతున్నాను.

కింద ఇంటి ఓనరు అమ్మాజీ గారు, గోదావరి జిల్లా మనిషి, మా పెట్టెలు చూసి ఊరుకోలేదు. "ఊరికి ఇంతింత పెట్టెలెందుకమ్మా జోస్నా? జబ్బు మనిషి దగ్గర పూటకో చీర కడతావా ఏంటి?" అన్నారు. పాత బట్టలు పంచడానికి ఆంటీ అన్నాను. అబద్ధం ఒకటి ఆడాక మిగతావి వాటంతటవే వస్తాయి.

బాలిలో బుధవారం చీకటితో లేచి కొండ ఎక్కాం. కాళ్ళ కింద నల్ల రాళ్ళు జారుతున్నాయి. నా ముందు నడిచే గైడు టార్చిలైటు తప్ప ఏమీ కనబడదు. పైకి చేరేసరికి తెల్లారింది. కింద పెద్ద చెరువు, అవతల ఇంకో కొండ, మా పక్కనే రాళ్ళ సందుల్లోంచి తెల్లగా ఆవిరి. అరచేయి పెడితే కాలింది. కాల్చిన టపాకాయల వాసన. పదకొండేళ్ళు పుస్తకం చూసి చెప్పింది నా చేతికి తగులుతుంటే నేను ఏడ్చాను. మోహన్ నవ్వి నా ముక్కు తుడిచాడు. అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు. పిల్లలకు చూపించాలని బొరియలు పడ్డ నల్లరాయి ఒకటి రుమాలులో కట్టుకున్నాను.

సాయంత్రం సముద్రానికి పోయాం. ఇసుక కూడా నలుపే. మోహన్ ప్యాంటు మడిచి మోకాళ్ళ దాకా దిగి, అల వస్తే పిల్లవాడిలా ఎగిరాడు. సరిగ్గా ఆ వేళకే, ఎల్బీ నగర్ టెంటులో, మట్టయ్యన్న మొహం మీద తువ్వాల కప్పుకుని పడుకున్నాడు. ముందురోజు ఉపవాసం, రాత్రి నాలుగు ముద్దలు, పొద్దున ఖాళీ కడుపు మీద సుగర్ మాత్ర. నిద్రపోతున్నాడనుకున్నారు. పక్కన పాటలు పాడారు, ఉపన్యాసాలు చెప్పారు. ఐదింటికి నిమ్మరసం ఇవ్వడానికి తువ్వాల తీస్తే ఒళ్ళంతా చెమట, పలకలేదు. రోడ్డు మీద మనవాళ్ళదే రాస్తారోకో. ఆటో లేదు, అంబులెన్సు రాలేదు. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయేసరికి చాలా ఆలస్యమైంది.

మాకు తెలిసింది మర్నాడు సాయంత్రం. ఊరికే క్షేమం అడుగుదామని హోటల్ ఫోనులోంచి తీతుకు చేశాం.

"అన్నా, మట్టయ్యన్న సోయిల లేడంట," అన్నాడు తీతు. "నీ జాగల కూసోని పడిపోయిండంట. ఆఫీసోళ్ళు నాకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నరు, అమ్మకు ఎట్లున్నదని, నువ్వెప్పుడొస్తవని. ఏం చెప్పాలె?"

మా తిరుగు టికెట్టు ఆదివారానిది. టికెట్ల ఆఫీసులో రెండు గంటలు బతిమాలాం. ముందు రోజుకు కొత్త టికెట్టు కొనే స్తోమత మాకు లేదు. మూడు రోజులు ఆ గదిలో కూర్చున్నాం. కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్లు, నీలం సముద్రం, నవ్వుతూ తిరిగే జనం. గది తుడిచే అమ్మాయి పొద్దున్నే గడప ముందు కొబ్బరాకు దొన్నెలో పూలు పెట్టి దండం పెట్టుకునేది. నాకు నా ప్రార్థన నోట్లోకి రాలేదు. దేవా, అతన్ని బతికించు అనబోతే, ఎందుకట్లా పడుకున్నాడో నువ్వే చెప్పు అని ఆయన నన్ను అడుగుతాడేమో అనిపించింది. మోహన్ గోడకు తల కొట్టుకున్నాడు. "నీ కొండ కోసం," అన్నాడు ఒక్కసారే. ఇన్నేళ్ళలో మళ్ళీ అనలేదు. అంటే బాగుండును.

సోమవారం దిగి, దవాఖానకు పోయే ముందు నేను చేసిన పని చెబుతాను. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఒక ముసలామె బుట్టలో సీతాఫలాలు అమ్ముతుంటే డజను కొన్నాను. ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు కదా. ఆ స్థితిలో కూడా నా బుర్ర అంత చక్కగా పని చేసింది. రాములమ్మ దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉంది. ఎండకు కమిలిన మా మొహాలు చూసింది, సంచి చూసింది.

"మీ అత్తకు ఎట్లున్నది జోస్నా?" అని అడిగింది.

"జర నయమే వదినా," అన్నాను.

ఆ సాయంత్రమే మట్టయ్యన్న పోయాడు. కళ్ళు తెరవనేలేదు.

ఊరేగింపు తీశారు. నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు, అమరుడు మట్టయ్యకు జోహార్లు అని. అతను తెలంగాణ కోసం పోయాడని అందరూ మైకులో చెప్పారు, మోహన్ చేత కూడా చెప్పించారు. నా నల్లరాయి కోసం పోయాడని ఎవరూ చెప్పలేదు. మేం చెబితే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆఫీసులో మోహన్ మొహాన ఉమ్మేసేవాళ్ళు, అంతేగా. ఆ అంతకే భయపడ్డాం.

మట్టయ్యన్న పోయినందుకు రాములమ్మకు అదే ఆఫీసులో అటెండరు ఉద్యోగం ఇచ్చారు. ఎల్బీ నగర్‌లో చిన్న గది తీసుకుని మారింది. మోహన్ బల్ల మీద రోజూ నీళ్ళ గ్లాసు పెట్టేది ఆమే. నాకు ఎక్కడ కనబడ్డా, రైతుబజారులో గానీ కర్మన్‌ఘాట్ గుడి దారిలో గానీ, మొదటి మాట అదే. "మీ అత్త మంచిగున్నదా?" మంచిగుంది వదినా అనేదాన్ని. ఎంత మంచి మనిషి, అంత దుఃఖంలోనూ మరిచిపోలేదు అనుకునేదాన్ని. ఆ మంచితనమే నన్ను కాల్చేది. ఆమె దూరంగా కనబడితే సందు మారి పోవడం అలవాటైంది.

2014 జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. నేనూ మోహన్ వెంట ఆఫీసుకు పోయాను. జెండా ఎగరేసి, రాములమ్మకు శాలువా కప్పారు. ఆమె శాలువాను మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటుతుంటే నా వల్ల కాలేదు. వెనకే ఆమె గదికి పోయాను. అన్నాళ్ళూ నా చేతిసంచిలోనే ఉన్న రుమాలు విప్పి, నల్లరాయి తీసి ఆమె ముందు పెట్టాను.

"వదినా, ఆనాడు మా అత్తకు ఏం గాలే," అన్నాను. "మేం ఊరికి పోలే. నిప్పుల కొండ చూడవోయినం. నేనే మోహన్‌ను గుంజుకపోయిన. అన్న మా అబద్ధం నమ్మి కూసున్నడు."

రాములమ్మ రాయి చేతిలోకి తీసుకుంది. తేలికగా ఉందే అన్నట్టు రెండుసార్లు ఎగరేసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"ఎరుకే," అన్నది.

నాకు అర్థం కాలేదు.

"పోలీసాయన కాయితం మీద సంతకం పెట్టింది ఎవలు? గా ఆదివారమే చెప్పిండు నాకు. వీళ్ళు యాడికో దేశం పోతున్నరే, మోహన్‌కు చెప్పనీకె మొహం చెల్లక తల్లి పేరు చెప్తున్నడు అన్నడు. టీచరమ్మ ఒక్కసారన్న చూసి రానీ, నేను నమ్మినట్టే ఉంట అన్నడు. నేను కొట్లాడిన. ఇన్నడా?"

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. "మరి ఇన్నేండ్ల సంది మా అత్త గురించి ఎందుకు అడిగినవ్ వదినా?"

"ఎన్నటికన్న చెప్తవేమో అని," అన్నది. "దవాఖాన మెట్ల మీద చెప్తవనుకున్న. దినాలకు చెప్తవనుకున్న. మీ ఇద్దరిని పట్టుకొని ఒకపారి ఏడ్వాలనుకున్న. ఇంకెవలకు ఎరుక, ఆయన ఎందుకు కూసున్నడో? నాకు చెప్పుకోనీకె మీరే ఉంటిరి. మూడేండ్లు తోవ చూసిన జోస్నా."

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, బస్సులో పక్కవాళ్ళకు జరిగి చోటిచ్చినట్టు తీసుకుంది. లేచి శాలువాను మేకుకు తగిలించింది.

"ఇగ అడుగ," అన్నది.

పోయిన చలికాలం మా అత్త నిజంగానే మంచాన పడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దవాఖానలో చేర్చి, మందుల సంచీతో రోడ్డు దాటుతుంటే రాములమ్మ ఎదురైంది. బడి ఎట్లా నడుస్తోందని అడిగింది, మోహన్‌కు దగ్గు తగ్గిందా అని అడిగింది. సంచీ కేసి చూసింది. నేను నిలబడి ఆమె నోటి కేసే చూశాను. ఆమె బస్సు వచ్చింది, ఎక్కి పోయింది.