దిగే విమానం కింద జొన్న

కాలేజీ పుస్తకంలో పాఠం రాసిన రైతును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మంఖాల్ వచ్చి పెంటయ్య ఇల్లెక్కడని అడగండి. ఏడో తరగతి చదువుతో ఆరో తరగతికీ, ఇంటర్‌కీ, డిగ్రీకీ ఒకే దెబ్బకు పాఠం రాసినవాణ్ణి నేను. అయితే ఆ పాఠం గుర్తొస్తే నాకు తిన్న అన్నం సయించదు. ఎందుకో చెబుతాను.

అఖిల నా బిడ్డ సరిత కూతురు. పెరిగింది మైలార్‌దేవ్‌పల్లిలోనే గానీ ఎండాకాలం సెలవులన్నీ నా పొలంలోనే గడిపింది. అందుకేనేమో వ్యవసాయమే చదివింది. శంషాబాద్‌లో పెద్ద రోడ్డు పక్కన, ఒక ఫంక్షన్ హాలు వెనకాల అద్దాల బిల్డింగు ఉంది. అందులో పాఠాలు తయారు చేసే కంపెనీలో చేరింది. బడికైనా కాలేజీకైనా, ఏ సబ్జెక్టుకు కావాలన్నా పాఠాలు అక్కడ తయారు. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. వ్యవసాయం చదివిన పిల్లకు రసాయనశాస్త్రం ఇచ్చారు, వాణిజ్యం ఇచ్చారు, విలువల విద్య ఇచ్చారు. అడగ్గా అడగ్గా నాలుగో నెలలో విత్తనం వేయడం మీద ఒక్క పాఠం ఇచ్చారు. ఆ పాఠం బాగుంటేనే ఉద్యోగం నిలుస్తుంది.

పాఠాలు ఎలా చేస్తారో అఖిల ఒకసారి నాకు చూపించింది. ఇటుకల బట్టీలో అచ్చు ఉంటుంది చూడండి, అలాంటిదే. పైన ఐదు లక్ష్యాలు, పక్కన ఒక బొమ్మ, నడుమ ఒక రంగు డబ్బా, కింద ఇరవై ప్రశ్నలు. మిగిలిన సందులో ఏ సబ్జెక్టు మట్టి కూరినా పాఠం తయారవుతుంది. బొమ్మ మాత్రం అన్నిటికీ ఒకటే. తెల్ల ధోతి మీద బురద చుక్క లేని ఒక రైతు పళ్లన్నీ చూపిస్తూ నవ్వుతుంటాడు. వ్యవసాయంలో వాడు రైతు. వాణిజ్యంలో వినియోగదారుడు. భౌతికశాస్త్రంలో బండిని నెట్టి బలం ప్రయోగించేవాడు. విలువల విద్యలో నిజాయితీకి కూడా వాణ్ణే పెట్టారు. నాకు అప్పుడే రోత పుట్టింది. కానీ మనవరాలి ఉద్యోగం కదా, బొమ్మ బాగుందన్నాను.

ఆ రంగు డబ్బాకు వాళ్లు పెట్టిన పేరు 'స్థానిక జ్ఞానం'. దాన్ని నింపడానికే ఒకరోజు నా పొలానికి వచ్చారు. పాఠాలన్నిటికీ పెద్ద అయిన రాఘవేందర్, అతని వెంట ఫొటోలు తీసే ఒకతను. అఖిలను తీసుకురాలేదు. ఆమెకు వాణిజ్యంలో ఏదో పాఠం బాకీ ఉందట. రాఘవేందర్ తెల్ల బూట్లతో గట్టు మీద నిలబడ్డాడు, మడిలోకి మాత్రం దిగలేదు. మట్టి సంగతి అడగలేదు, వాన సంగతి అడగలేదు. ఇంతలో నెత్తి మీదుగా ఒక విమానం చక్రాలు చాపుకుని దిగుతూ పోయింది. అతను తలెత్తి చూసి, విమానాలు ఇలా పోతుంటే పంటకు ఏమన్నా అవుతుందా అని అడిగాడు.

ఏమీ కాదంటే అయిపోయేది. కానీ పక్కన నా దోస్తు కొండల్ బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. కొండల్ వింటుంటే నా నోట నిజం రావడం కష్టం.

“ఎందుకు గాదు సార్. దిగే విమానం గాలిని కిందికి నూకుతది. దాని కింద జొన్న ఏస్తే గింజ గట్టిపడతది. ఎక్కే విమానం మీదికి గుంజుతది. దాని కింద జొన్న పెడితే తాడు లెక్క సాగుతది. అందుకే ఆడ టమాట ఏస్తం.”

“టమాట ఎందుకు?”

“గుంజితే గుండ్రంగ అయితది సార్.”

కొండల్ పొగ మింగేసి ఊపిరాడక దగ్గాడు. రాఘవేందర్ నవ్వలేదు. ఫోన్‌లో అంతా ఎక్కించుకుని, నాకు దండం పెట్టి, గట్టు మీదనే బూట్లు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ ముచ్చటతో కొండల్, నేను ఊరంతటినీ నవ్వించాం.

జూన్‌లో ఒక ఆదివారం అఖిల పాఠం కాగితాలు పట్టుకుని వచ్చింది. రాగానే నా ముందు పరిచి కూర్చుంది. ఆ పిల్ల తన పాఠంలో పదును గురించి రాసుకుంది. వాన పడ్డాక నేల విత్తడానికి సరిగ్గా వీలుగా ఉండే తడిని మేం పదును అంటాం. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదలాలి. పిండిముద్దలా చపాతీ అయితే ఇంకా ఆగాలి. పడగానే పొడిపొడిగా విచ్చుకుంటే విత్తడానికి గొర్రు కట్టొచ్చు. అసలు ముద్దే కాకపోతే అదను దాటిపోయిందన్నమాట. ఏడేళ్ల వయసులో నా పక్కన నిలబడి నేర్చుకున్న పని అది. దాన్నే ఒక పేజీ నిండా రాసింది.

ఇప్పుడు ఆ పేజీ లేదు. దాని చోట రంగు డబ్బా ఉంది. డబ్బాలో నా విమానాలున్నాయి. కింద ఒక ప్రశ్న కూడా ఉంది: దిగే విమానాల మార్గంలో ఏ పంట అనుకూలం? జొన్న, టమాట, పై రెండూ, ఏదీ కాదు.

నేను పడీపడీ నవ్వాను. అఖిల మాత్రం ఆ డబ్బా మీద వేలు పెట్టింది.

“తాతా, గిది నువ్వు చెప్పిందేనా?”

“నవ్వులాటకు చెప్పిన బిడ్డా. గాళ్లు రాసుకుంటరని నాకేం ఎరుక.”

“ఎల్లుండి అచ్చుకు పోతది. పాఠం మీద ఉండేది నా పేరు. రేపు ఎవడన్న చదివితే, వ్యవసాయం చదివిన పిల్ల గిట్ల రాసిందా అని నా మొఖం మీద ఉమ్ముతరు.”

ఇగ నా నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి మృగశిర వాన పడింది. పొద్దున లేచి పొలంలోంచి ఒక తడి ముద్ద తీసి, కవర్‌లో చుట్టి అంగీ జేబులో వేసుకుని, అఖిల వెంట శంషాబాద్ బస్సెక్కాను.

రాఘవేందర్ గది చలికాలం తెల్లవారుజాములా ఉంది. మిషన్‌లోంచి టీ పట్టి ఇచ్చాడు. గిన్నెలు కడిగిన నీళ్లు నయం. చేతులు కట్టుకుని ఉన్నమాట చెప్పేశాను: నేను చెప్పింది అబద్ధం సార్, తీసేయండి అన్నాను. ఒప్పుకోవడం మొదలుపెట్టాక, ఈ కథ వింటున్న మీ దగ్గర మాత్రం దాపరికం ఎందుకు? పాఠం రాశానని మొదట్లో గప్పాలు కొట్టాను కదా, అక్షరం ముక్క రాయలేదు, నాలుక ఆడించానంతే. ఏడో తరగతి కూడా కాదు, ఐదు. అందులోనూ నాలుగు నుంచి ఐదుకు మా సారు నన్ను మెడపట్టి నెట్టాడు.

రాఘవేందర్ కోపం చేస్తాడనుకున్నాను. చేసి ఉంటే అతని మీద నాకు కొంత మర్యాద మిగిలేది. అతను చిరునవ్వు నవ్వాడు.

“ఫర్వాలేదు పెద్దాయనా. ముగ్గురు నిపుణులు చూసిన్రు. అందరికీ మస్తు నచ్చింది.”

కంప్యూటర్ మా వైపు తిప్పాడు. ఆరో తరగతి పరిసరాల విజ్ఞానంలో నా అబద్ధం ఒక కథ అయింది. ఇంటర్ భౌతికశాస్త్రంలో లెక్క అయింది, విమానం ఎత్తు ఇచ్చి జొన్న గింజ మీద పీడనం కనుక్కోమన్నారు. డిగ్రీలో ఏకంగా ఒక యూనిట్ అయి కూర్చుంది. నా కొడుకులు పదేళ్లు తంటాలు పడి ఎక్కిన మెట్లను నా అబద్ధం రెండు నెలల్లో ఎక్కేసింది. తీసేయాలంటే ఏడుగురు సంతకం చేయాలట. ఉంచడానికి ఎవరూ చేయనక్కర్లేదు.

“మరి పదును ఎందుకు తీసేసిన్రు సార్?” అఖిల అడిగింది.

“దానికి నాలుగు ఆప్షన్లు రావమ్మా. ముద్ద చెయ్యాలె, వదలాలె, చేతికి తెల్వాలె అని రాసినవ్. చేతికి తెల్సేదాన్ని పరీక్షల ఎట్ల అడుగుతం?”

అబద్ధానికి నాలుగు ఆప్షన్లు దొరికాయి, మట్టికి ఒక్కటీ దొరకలేదు. లేచి నిలబడి జేబులోంచి ముద్ద తీసి, నడుమెత్తు నుంచి అతని బల్ల మీదికి వదిలాను. చప్పున పడి చపాతీ అయింది. నాలుగు చుక్కలు అతని తెల్ల అంగీ మీదికి ఎగిరాయి.

“ఇత్తుమంటవా, ఆగుమంటవా? చెప్పు సార్” అన్నాను.

అతను అంగీ వంక చూసుకున్నాడు. మట్టి వంక చూడనే లేదు. తుడిచే మనిషి కోసం గంట కొట్టాడు.

తర్వాత ఏమీ జరగనట్టే అఖిల ముందుకు ఒక కాగితం జరిపాడు. పాఠం మీద పేరు వేయాలంటే రాసినవాళ్ల సంతకం కావాలి. సంతకం పెడితే పర్మనెంట్ చేసిన ఉత్తరం ఇప్పుడే ఇస్తానన్నాడు. అది బల్ల మీదనే కవర్‌లో ఉంది, పైన పిల్ల పేరు కూడా కనబడుతోంది.

“పదును పేజీ పెడ్తరా సార్?”

“వచ్చే ఎడిషన్ల చూద్దాం.”

అఖిల కలం తీసింది. సంతకం పెడుతుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే పెట్టేయమని లోపల కోరుకున్నాను కూడా. ఆమె 'రచన' అన్న చోట తన పేరును అడ్డంగా ఒక్క గీతతో కొట్టేసింది. మెడలో ఉన్న కంపెనీ కార్డు తీసి ఆ కాగితం మీద పెట్టింది. లిఫ్ట్‌లో దిగుతూ తాతా ఆకలైతుంది అంది, అంతే.

పుస్తకాలు వచ్చాయి. అఖిల పేరున్న చోట 'నిపుణుల బృందం' అని వేశారు. కొండల్ మనవరాలు పరీక్షలో జొన్న అని రాసి ఆ మార్కు తెచ్చుకుందట. అది అబద్ధమని కొండల్ చెప్పబోతే, మార్కు పడ్డది కదా తాతా అని నోరు మూయించిందట. అఖిల ఇంకా పని వెతుక్కుంటోంది. ఆదివారాలు పొలానికి వస్తుంది. నేను విమానం వంక చూస్తే చాలు, కళ్లెర్రజేస్తుంది.

ఇగ చెప్పక తప్పనిది ఒకటుంది. ఇందులో ఒక్క సంగతి నేను కల్పించాను. విమానాల అబద్ధం నేనే ఆడాను, అది మూడు తరగతులకు ఎక్కింది, పిల్ల తన పేరు కొట్టేసింది. ఇవన్నీ జరిగాయి. ఆ మట్టి ముద్ద మాత్రం బల్ల మీద పడలేదు. ఆ చల్లటి గదిలో జేబులో చెయ్యి పెట్టి దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను గానీ బయటికి తీసే ధైర్యం రాలేదు. పిల్ల కలం తీసేటప్పటికి కవర్ చిరిగి, నా వేళ్ల సందుల్లోంచి అది అంగీలోకి కారుతోంది. ఇంటికొచ్చాక ఆ అంగీ ఉతుకుతూ నా భార్య అనంతమ్మ తిట్టిన తిట్లున్నాయి చూడండి, అంత గొప్పవి నేను కల్పించలేను.